పక్క శాఖ పండితుడు

లూప్ వ్యాలీ విశ్వవిద్యాలయంలో మెర్విన్ టిబ్బెట్స్ అనే పెద్దమనిషి ఉన్నాడు. ఆయనకి రాళ్ల గురించి తెలియదు, కవిత్వం గురించి తెలియదు, అర్థశాస్త్రం గురించి అసలే తెలియదు. ఈ మూడూ ఒకేసారి తెలియకపోవడం మామూలు మనిషికి సాధ్యమయ్యే పని కాదు. దానికో పద్ధతి కావాలి. ఆ పద్ధతి కనిపెట్టినందుకే విశ్వవిద్యాలయం ఆయనకి ఒక గది, తిరిగే కుర్చీ, తలుపు మీద పేరుపలక ఇచ్చి కూర్చోబెట్టింది. రాళ్లవాళ్ల దగ్గర ఆయన కవి. కవుల దగ్గర అర్థశాస్త్రజ్ఞుడు. అర్థశాస్త్రం వాళ్ల దగ్గరికి వెళితే రాళ్లు పగలగొట్టి వచ్చినవాడు. ఏ గదిలో అడుగుపెట్టినా పక్క గది పండితుడే.

ఇంతటి మేధావి ఎక్కడ మొలిచాడో చెప్పుకోవాలి. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రపు ఇసుక గుట్టల్లో టార్బెల్ కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది. అక్కడ మనుషుల కంటే ఆవులు ఎక్కువ, ఆవుల కంటే గాలి ఎక్కువ. ఆ గాలికి కోళ్లు ఒకే గుడ్డు రెండుసార్లు పెడతాయని, మొదటిసారి పెట్టింది వెనక్కి కొట్టుకొస్తుందని మెర్విన్ చిన్నప్పుడే ప్రచారం చేశాడు. ఊళ్లో ధాన్యం గోదాము దగ్గర పొద్దున్నే కాఫీ తాగే రైతులు అతను కనబడగానే, "ఏరా మెర్విన్, ఇవాళేం ఎగిరిపోయింది?" అనేవాళ్లు. ఏదో ఒకటి ఎగిరిపోయే ఉండేది. వాళ్లు వినేవాళ్లు, నవ్వేవాళ్లు, నమ్మేవాళ్లు మాత్రం కాదు. తను సోమవారాన్ని సోమవారమని చెప్పినా వాళ్లు గోడ మీద క్యాలెండర్ కేసి చూడటం మెర్విన్‌కి లోపల ఎక్కడో గుచ్చుకునేది.

తండ్రి ఎల్రాయ్ ఆ కౌంటీ మొత్తంలో పేరున్న బద్ధకస్తుడు. ఆవుల కొట్టం తలుపు సుడిగాలికి లేచిపోయి పక్క కౌంటీలో పడిందని కబురొస్తే, "గాలి ఇటు తిరిగినప్పుడు అదే వస్తుందిలే" అని మళ్లీ పడుకున్న మనిషి. ఆయన పచ్చికబయల్లో గాలిమర ఒకటి ఉంది. అది తిరిగితే భూమిలోంచి నీళ్లు లేచి, ఇసుక కింద వేసిన ఇనప పైపులోంచి పోయి పశువుల తొట్టిలో పడతాయి. ఆ పైపుకి మధ్యలో ఎక్కడో తుప్పు తిని చిల్లు పడింది. "వచ్చే శనివారం చూస్తా" అన్నాడు ఎల్రాయ్. ఆ శనివారం రాలేదు. చిల్లులోంచి కారిన నీళ్లతో గుట్ట దిగువన పచ్చటి మడుగు తయారైంది. మడుగు చుట్టూ విల్లో మొక్కలు లేచాయి. కప్పలు కాపురాలు పెట్టి మనవల్ని ఎత్తుకున్నాయి.

మెర్విన్ చదివిన బడిలో చివరి తరగతికి మిగిలింది నలుగురు పిల్లలు. ఒకడు గుర్రం మీంచి పడి పరీక్షలకి రాలేదు. ఇద్దరు కవల అక్కచెల్లెళ్లు ఒకరిది చూసి ఒకరు రాస్తూ దొరికిపోయారు. మిగిలినవాడు ప్రథముడు. బడిలో ప్రథముడిగా వచ్చినవాణ్ని ఆనర్స్ కాలేజీలో చేర్చుకోవాలని విశ్వవిద్యాలయం నియమం. ఎంతమందిలో ప్రథముడో అడగాలని ఆ నియమం రాసినవాళ్లకి తోచలేదు.

ఆనర్స్ కాలేజీ అంటే విశ్వవిద్యాలయం లోపల ఉండే ఇంకో విశ్వవిద్యాలయం. బయటివాళ్లు చదువుకుంటారు, లోపలివాళ్లు చదువు గురించి మాట్లాడుకుంటారు. అక్కడ వరుసల్లో కూర్చోవడం నిషిద్ధం, గుండ్రంగా కూర్చోవాలి. గుండ్రంగా కూర్చుంటే అందరి ముఖాలూ అందరికీ కనబడి, పుస్తకం ఎవరు చదవలేదో తేలిగ్గా తెలిసిపోతుంది. తెలిసినా చెప్పకూడదు. మాట నచ్చితే చప్పట్లు కొట్టడం మోటు, చిటికెలు వెయ్యాలి. ప్రొఫెసర్లని పేరు పెట్టి పిలవాలి, లేకపోతే వాళ్లు నొచ్చుకుంటారు. ఇక కోర్సు పేర్లు. ఏ కోర్సు పేరులోనైనా ఒక మాట, దాని తర్వాత నిలువునా రెండు చుక్కలు, ఆ చుక్కల తర్వాత మూడు మాటలు ఉండి తీరాలి. చుక్కలు లేని కోర్సుని మామూలు విద్యార్థులకి పారేసేవారు. మెర్విన్ చేరిన రెండేళ్ల కోర్సు పేరు "నీరు: కొలత, కవిత, కొరత".

మూడు మాటలకి ముగ్గురు ప్రొఫెసర్లు. కొలతకి భూగర్భశాస్త్రం నుంచి ఓరిన్ హాస్కాంప్. ఆయన కోటు జేబుల నిండా రాళ్లే, కూర్చుంటే కుర్చీ కంటే ముందు ఆయన చప్పుడు చేస్తాడు. కవితకి సాహిత్యశాఖ నుంచి ఫిలిపా ట్రాస్క్. మెడకి రెండు మూడు శాలువాలు చుట్టుకుని వాక్యం మధ్యలో కళ్లు మూసుకుంటుంది, మళ్లీ తెరిచేదాకా క్లాసంతా ఊపిరి బిగబట్టాలి. కొరతకి అర్థశాస్త్రం నుంచి లోవెల్ డింకిన్స్. ఆయన సొంత పెళ్లి గురించి చెప్పినా సరఫరా, గిరాకీ అని రెండు గీతలు గీసి చెబుతాడు. సోమవారం రాళ్లు, బుధవారం కవితలు, శుక్రవారం గీతలు. ఒకరు బోర్డు తుడిచి వెళ్లిపోయాక ఇంకొకరు రావడం, దానికే మూడు శాఖల సంగమం అని పేరు. ముగ్గురూ ఒకే గదిలో కలుసుకోవడం ఎవరూ చూడలేదు.

మొదటి రోజు ప్రతి ఒక్కరూ పేరు, ఊరు చెప్పి, తన గురించి ఒక ఆసక్తికరమైన సంగతి చెప్పాలి. మెర్విన్ పక్కన లోరీన్ వాసెక్ అనే అమ్మాయి కూర్చుంది. ఆమె సంగతి ఇది: "మా ఊరి బావుల్లో నైట్రేట్ ఎక్కువ. పసిపిల్లలకి ఆ నీళ్లు తాగించకూడదు. అందుకే ఈ కోర్సులో చేరాను." ఒక్క చిటికె కూడా పడలేదు. తర్వాత మెర్విన్ వంతు.

"మా తాతయ్య ఓసారి పెరట్లో చెక్క పాయిఖానాలో కూర్చుని పేపరు చదువుకుంటుంటే సుడిగాలి వచ్చి ఆ గదిని గదిలాగే ఎత్తుకుపోయి పక్క కౌంటీలో దించింది. ఆయన తలుపు తీసి బయటికొచ్చేసరికి పేపరింకా రెండో పేజీలోనే ఉంది. అక్కడివాళ్లు ఎవరో కొత్త మనిషి కాపురానికొచ్చాడనుకుని ఓటు రాసేసుకున్నారు. పాపం తాతయ్య చచ్చిపోయేదాకా రెండు చోట్లా ఓటేశాడు."

చిటికెలు వడగళ్ల వానలా కురిశాయి. "మౌఖిక సంప్రదాయం," అని ఫిలిపా కళ్లు మూసుకుంది. లోరీన్ మాత్రం అతని చెవిలో, "ఓటు రాసుకునేవాడు పాయిఖానా ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగలేదా?" అంది.

"మర్యాదస్తులు," అన్నాడు మెర్విన్.

మెర్విన్ మొదటి వ్యాసం రాళ్ల మీద రాసి రాళ్ల ప్రొఫెసర్‌కే ఇచ్చాడు. వ్యాసం గాయాలపాలై వచ్చింది. ఇసుకరాయి ఇసుక కంటే ముందు పుట్టిందని రాసినచోట ఎర్ర సిరా కాగితం అవతలికి దిగింది. రెండోది కవిత్వం మీద రాసి ఫిలిపాకి ఇస్తే ఆమె కళ్లు మూసుకోవడం కూడా మానేసింది. మూడోసారి, గడువుకి ముందు ఏం దొరక్క, కవిత్వం గురించి రాసిన చెత్తనే రాళ్ల ప్రొఫెసర్‌కి ఇచ్చాడు. దాని మీద హాస్కాంప్ ఇలా రాశాడు: "సాహిత్యం నా శాఖ కాదు. అయినా అద్భుతంగా ఉన్నట్టుంది."

ఉన్నట్టుంది. ఆ ఒక్క మాటలో మెర్విన్‌కి జీవితం కనబడింది.

ఆ ముగ్గురికీ ఒక మర్యాద ఉంది. పక్క శాఖ విషయం వచ్చినప్పుడల్లా గుండె మీద చెయ్యి వేసుకుని "అది నా శాఖ కాదు" అంటారు. పెళ్లిలో ప్రమాణంలా అంటారు. ఆ మాట అన్నాక ఇంక నోరు విప్పరు. మూడు శాఖలవాళ్లు ఒక కప్పు కింద కొట్టుకోకుండా బతకడానికి ఆ మర్యాద పుట్టిందట. అది తెలుసుకున్నాక మెర్విన్ వెనక్కి చూడలేదు. హాస్కాంప్‌కి ఛందస్సు, ఫిలిపాకి గిరాకీ గీతలు, డింకిన్స్‌కి సున్నపురాయి. ముగ్గురి దగ్గరా పై మార్కులే. లోరీన్ అలా కాదు. రాళ్లాయనకి రాళ్ల గురించి, కవితలావిడకి కవితల గురించి రాసేది. చదివి రాసేది కాబట్టి తప్పులు దొరికేవి. చదవనివాడికి తప్పులెక్కడివి?

కోర్సు చివర పెద్ద వ్యాసం రాయాలి. మూడు శాఖలూ అందులో ఉండాలి. ముగ్గురూ సంతకం పెట్టినవాటిలో అన్నిటికంటే మంచిదానికి ఒక పతకం ఇస్తారు. కంచుది, అరచేతంత ఉంటుంది, ఎర్ర రిబ్బను కట్టి మెడలో వేస్తారు. దాని మీద పేరు చెక్కుతారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి మెర్విన్‌కి అన్నం సహించలేదు. పేరు చెక్కిన కంచు. దాన్ని మెడలో వేసుకుని గోదాము దగ్గరికి వెళ్లి కాఫీ తాగాలి. వాళ్లు ఏం ఎగిరిపోయిందని అడగకూడదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్క విషయంలో, తనని నమ్మాలి. లోకంలో మనుషులు పతకం కోసం నానా అబద్ధాలూ చెబుతారు. ఇతనికి పతకం కావలసింది నిజం చెప్పడానికి.

ఆ నిజం కోసం అతను ఒక బ్రహ్మాండమైన అబద్ధం రాశాడు. వ్యాసం పేరు "ఏడ్చే పెళ్లికూతురి ఊట: శిల, శోకం, సరఫరా". టార్బెల్ కౌంటీలో ఒక ఊట ఉంది. పూర్వం ఆ గుట్టల్లోకి కాపురానికొచ్చిన ఒక కొత్త పెళ్లికూతురు గాలి హోరు భరించలేక ఏడ్చి ఏడ్చి అక్కడే కన్నుమూసింది. ఇప్పటికీ గాలి వీస్తే ఊట ఉబుకుతుంది, గాలి ఆగితే ఆగిపోతుంది. గాలి ఆగితే ఆగిపోతుందన్న ముక్క మాత్రం అక్షరాలా నిజం. చిన్నప్పుడు ఆ మడుగు పక్కనే పడుకుని అతను కళ్లారా చూశాడు.

ఆఖరి రోజు ముగ్గురూ మొదటిసారి ఒకే గదిలోకి వచ్చారు. కొత్త పెళ్లివారిలా ఒకరికొకరు కుర్చీలు జరుపుకున్నారు. ముందు లోరీన్ వంతు. ఆమె రెండేళ్లపాటు ఊరూరా తిరిగి బావుల నీళ్లు పరీక్ష చేసింది, ఆ ఊళ్ల పాటలు రాసుకుంది, ఎరువుల వాడకం లెక్క తీసింది. హాస్కాంప్ ఆమె రాళ్ల అధ్యాయంలో ఒక పొర పేరు పాతదని పట్టుకున్నాడు. ఫిలిపా పాటల అధ్యాయంలో విరుపు సరిగ్గా లేదంది. డింకిన్స్ ఒక గీత వాలు చాలదన్నాడు. ఎవరి వాటా వాళ్లు కోసుకున్నాక ఆ అమ్మాయి వ్యాసంలో బొమికలు మిగిలాయి.

తర్వాత మెర్విన్ లేచాడు.

"భూగర్భశాస్త్రం సంగతి ఓరిన్ గారే చూసుకుని ఉంటారు," అంది ఫిలిపా. "ఆర్థిక భాగం మాత్రం నన్ను కదిలించింది."

"జానపదం ఫిలిపా గారి శాఖ," అన్నాడు హాస్కాంప్ గుండె మీద చెయ్యి వేసుకుని. "అందులో నేను వేలు పెట్టను. చాలా లోతుగా ఉన్నట్టుంది."

"ఊట ఉందని మీరిద్దరూ ఒప్పుకున్నాక," అన్నాడు డింకిన్స్, "నేను కాదనడానికెవర్ని."

గుండ్రంగా కూర్చున్న విద్యార్థులు చిటికెలకి వేళ్లు సిద్ధం చేసుకున్నారు. అప్పుడు లోరీన్ చెయ్యెత్తింది.

"ఆ ఊటని చూడొచ్చా?" అంది.

ముగ్గురి ముఖాలూ పిక్నిక్ మాట విన్న పిల్లల్లా వెలిగాయి. మూడు శాఖలు కలిసి ఒకే వ్యానులో వెళ్లడం కాలేజీ చరిత్రలో లేదన్నారు. శనివారం బయల్దేరదామన్నారు. ఊట చూసి అక్కడికక్కడే సంతకాలు పెడతామన్నారు.

మెర్విన్ హాస్టల్ కింద ఫోనుకి పరిగెత్తాడు.

"నాన్నా, గాలిమర కింద పైపు బాగుచేశావా?"

"ఇంకా లేదురా. వచ్చే శనివారం..."

"చెయ్యొద్దు."

"ఒరేయ్," అన్నాడు గాలి హోరులోంచి ఎల్రాయ్, "పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్ను అడిగిన మొదటి సాయం ఇది. మాటిస్తున్నా, ముట్టుకోను."

శనివారం వ్యాను బయల్దేరింది. దారిలో ఒక హోటల్లో ఆగి అందరూ చిల్లీ అనే మాంసం, చిక్కుడుగింజల పులుసు, దాల్చినచెక్క రొట్టెలు తిన్నారు. రొట్టెని చిల్లీలో ముంచుకుని తినడం గురించి ఫిలిపా ఏదో అనబోయి, తిండి తన శాఖ కాదని ఊరుకుంది. మెర్విన్ మాత్రం తన రొట్టెని పక్కకి జరిపాడు. ఎదురుగా లోరీన్ అతని రొట్టె కూడా తీసుకుని తింది.

"గాలి లేకపోతే?" అంది నెమ్మదిగా.

"ఇసుక గుట్టల్లో గాలి లేకపోవడమా?" అన్నాడు మెర్విన్. "మా ఊళ్లో ఓసారి గాలి ఆగితే కోళ్లన్నీ పక్కకి పడిపోయాయి."

"నీకు నిజంగా ఆ పతకం అంత కావాలా?"

అతను కిటికీ అవతల ఊగుతున్న గడ్డికేసి తిరిగాడు. ఆ పూట అతను చెప్పని అబద్ధం అదొక్కటే.

పచ్చికబయల్లో గాలి పడమటినుంచి ఏకధాటిగా వీస్తోంది. ఎల్రాయ్ కంచె మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుని, దిగకుండానే టోపీ ఎత్తి పలకరించాడు. గుట్ట దిగువన మడుగు. విల్లో మొక్కల మధ్య ఇసుకలోంచి నీళ్లు బుగబుగ ఉబుకుతున్నాయి. దానికి ఎగువన, పిలిస్తే పలికేంత దూరంలో, గాలిమర కిర్రుకిర్రుమంటూ తిరుగుతోంది. గాలిమరకీ మడుగుకీ మధ్య పైపు ఒకచోట ఇసుకలోంచి తుప్పు పట్టిన వీపు బయటపెట్టి పడుకుని ఉంది. కళ్లున్న ఆవు కూడా దాన్ని దాటుకునే వెళుతుంది. ఫిలిపా కాలు దానికే తగిలింది. "క్షమించాలి," అంది పైపుతో.

హాస్కాంప్ మోకాళ్ల మీద కూర్చుని దోసిట్లో నీళ్లు తీసుకుని రుచి చూశాడు. నాలుక చప్పరించాడు. పైపుకేసి చూశాడు. గాలిమరకేసి చూశాడు. ఎన్నో ఏళ్లు రాళ్లతో కాపురం చేసిన మనిషి, ఇప్పుడు నోరు తెరిస్తే అయిపోయింది.

హాస్కాంప్ నోరు తెరిచాడు. "ఫిలిపా, సాహిత్యంలో దీన్ని ఊట అనొచ్చా?"

ఫిలిపా పైపుని చూసింది, గాలిమరని చూసింది, తర్వాత ఎందుకైనా మంచిదని కళ్లు మూసుకుంది. "భూగర్భశాస్త్రం ఊట అంటే సాహిత్యానికి అభ్యంతరం ఏముంటుంది?"

"లోవెల్, మీరు?"

"మీరిద్దరూ ఊట అంటే అది వనరు," అన్నాడు డింకిన్స్ బూటుకంటిన బురద దులుపుకుంటూ. "వనరా కాదా అన్నది నా శాఖ. ఊటా కాదా అన్నది కాదు."

ముగ్గురూ చూశారు. ముగ్గురికీ తెలిసింది. పక్కవాడి పొలంలో పడ్డ ఆవుని తోలడానికి మొహమాటపడే రైతుల్లా ముగ్గురూ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

లోరీన్ తిన్నగా గుట్ట ఎక్కి గాలిమర దగ్గరికి వెళ్లింది. దాని ఇనప కాలికి బిగించిన బ్రేకు పిడిని రెండు చేతులా పట్టుకుని వేలాడింది. గాలిమర తోక ముడుచుకుని, రెక్కలు మూలిగి, ఆగిపోయింది. గాలి మాత్రం హోరుమంటూనే ఉంది. దిగువన నీళ్లు రెండుసార్లు గుటకలు వేసి అణిగిపోయాయి. కప్ప కూడా నోరు మూసుకుంది.

"పెళ్లికూతురు ఏడుపు ఆపేసింది," అంది లోరీన్ పైనుంచి. పిడి వదిలింది. రెక్కలు తిరిగాయి. కాసేపటికి నీళ్లు బుగబుగమన్నాయి. "మళ్లీ మొదలెట్టింది."

కంచె మీద ఎల్రాయ్ నోట్లో గడ్డిపరక కదలడం ఆగింది. మెర్విన్ తన మెడ తడుముకున్నాడు. ఇంకా పడని రిబ్బను అప్పుడే తెగినట్టనిపించింది. చెప్పేద్దామా అనుకున్నాడు కూడా. అవునండీ, అది మా నాన్న బద్ధకం, ఊట కాదు. మాట గొంతుదాకా వచ్చింది. ఎప్పుడూ నిజం మొయ్యని గొంతు కాబట్టి అక్కడే ఇరుక్కుంది.

హాస్కాంప్ జేబుల్లో రాళ్లు సర్దుకుని గొంతు సవరించుకున్నాడు.

"గాలిమర యంత్రశాస్త్రం కిందికి వస్తుంది," అన్నాడు.

"అవును," అంది ఫిలిపా ఊరటగా, "ఇంజనీరింగ్."

"వాళ్లు ఈ కోర్సులో లేరు," అన్నాడు డింకిన్స్.

"మన ముగ్గురిలో ఎవరి శాఖా కాదు," అన్నాడు హాస్కాంప్. ముగ్గురి చేతులూ ఒకేసారి గుండెల మీదికి వెళ్లాయి.

లోరీన్ కిందికి దిగి వచ్చింది. "పైపుని చూడటానికి శాఖ ఎందుకండీ, కళ్లుంటే చాలు కదా."

"లోరీన్," అన్నాడు హాస్కాంప్ జాలిగా, "నీలో లోపమే అది. నువ్వు ప్రతి శాఖలోనూ వేలు పెడతావు."

మూడు శాఖల సంగమం కోసం పెట్టిన కోర్సులో ఈ మాట పడింది. నమ్మకపోతే మీ ఇష్టం. పశువుల తొట్టి అంచు మీద కాగితం పెట్టి, ఆవులు నీళ్లు తాగుతుండగా, ముగ్గురూ సంతకాలు చేశారు. డింకిన్స్ సంతకం మీద ఒక ఆవు ముక్కు తడి పడింది. ఆ రోజు అక్కడ వ్యాసాన్ని నిజంగా పరీక్షించింది ఆ ఆవు ఒక్కటే.

తిరుగు ప్రయాణంలో లోరీన్ అతని పక్కనే కూర్చుంది. "నేను సోమవారం ఆనర్స్ వదిలేస్తున్నా," అంది. "వరుసల్లో కూర్చుని చదువుకుంటా. అక్కడ ముందువాడి వీపు తప్ప ఏం కనబడదట. హాయిగా ఉంటుంది."

"నా మీద కోపమా?"

"నీ మీదెందుకు? నువ్వు కనీసం అది పైపని తెలిసి చెప్పావు."

మేలో పతకం మెడలో పడింది. ఎల్రాయ్ ఉతికిన టోపీ పెట్టుకుని వచ్చి, ఉపన్యాసాల్లో నిద్రపోయి, కొడుకు పేరు పిలిచినప్పుడు మాత్రం లేచాడు. మర్నాడు తెల్లారకముందే మెర్విన్ గోదాముకి వెళ్లాడు. కంచు మిలమిలలాడుతోంది. రైతులు కాఫీలు దించి చూశారు.

"ఏరా మెర్విన్, ఎద్దుల పోటీలో కొట్టుకొచ్చావా?" అన్నాడొకడు.

"విశ్వవిద్యాలయం ఇచ్చింది."

"దేనికిచ్చింది?"

మెర్విన్ జీవితంలో మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పాడు. మా నాన్న పైపు చిల్లు గురించి వ్యాసం రాశాను. ముగ్గురు ప్రొఫెసర్లు వ్యానులో వచ్చి దాన్ని చూశారు. ఒక అమ్మాయి గాలిమర ఆపి చూపించింది. అయినా గాలిమర తమ శాఖ కాదని సంతకాలు పెట్టి పతకం ఇచ్చారు. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క ఎగరెయ్యలేదు.

గోదాము నవ్వుతో పేలింది. ఒకడు కాఫీ ముక్కులోంచి కార్చుకున్నాడు. ఇంకొకడు కళ్లు తుడుచుకుంటూ, "ఒరేయ్, మీ తాత పాయిఖానా కథ దీని ముందు దిగదుడుపురా," అన్నాడు. "ఇన్నాళ్లు చదివినందుకు అబద్ధంలో ఆరితేరావు." అందరూ లేచి భుజం తట్టారు. మెర్విన్ రిబ్బను విప్పి జేబులో పెట్టుకున్నాడు.

ఇక ఊళ్లో ఏ ముఖంతో ఉంటాడు? ఆనర్స్ కాలేజీ వాళ్లు పిలిచారు. మూడు శాఖలూ మెచ్చిన మనిషి ఇంకొకడు లేడు కాబట్టి, కొత్త పిల్లలకి "నీరు" కోర్సు చెప్పమన్నారు. ఆ చెప్పడం ఇప్పటిదాకా సాగుతూనే ఉంది. జుట్టు ఊడింది, పొట్ట వచ్చింది. ఏటా సెప్టెంబరులో ఒక వ్యాను నిండా పిల్లల్ని వేసుకుని ఊట చూపించడానికి తీసుకొస్తాడు. కాలేజీ వాళ్లు అక్కడ ఒక పలక కూడా పాతారు, రెండు చుక్కలతో సహా.

పతకం గురించి చెప్పాలి. మెర్విన్ దాన్ని వంటింటి సొరుగులో పడేసి వెళ్లిపోయాడు. అదేం గాలి సోకిందో, ఆ వేసవిలో ఎల్రాయ్‌కి పౌరుషం వచ్చింది. పతకం తెచ్చిన కొడుకున్న ఇంట్లో కారే పైపు ఉండకూడదనుకున్నాడు. ఒక శనివారం, అవును, ఆ శనివారమే, పార పట్టుకుని పచ్చికబయల్లోకి వెళ్లి పైపు తవ్వాడు. చిల్లు మూయడానికి ఇంట్లో రేకుముక్క కోసం వెతికితే సొరుగులో కంచు బిళ్ల దొరికింది. సుత్తితో నాలుగు దెబ్బలు వేసి పైపు ఒంపుకి వంచాడు. కింద ట్యూబు రబ్బరు పెట్టి, పైన బిగింపు పట్టీ వేసి, నట్లు బిగించాడు. అతికినట్టు సరిపోయింది. చుక్క నీరు కారలేదు.

మెర్విన్ మొదటి బ్యాచ్ పిల్లల్తో వచ్చే ముందు రోజు సాయంత్రం చూసుకుంటే మడుగు ఎండిపోయి ఉంది. తండ్రి మీద విరుచుకుపడ్డాడు.

"ఎవరు బాగుచెయ్యమన్నారు నిన్ను?"

"నా పైపు నేను బాగుచేసుకుంటే నీకెందుకురా?" అన్నాడు ఎల్రాయ్. "ఆ బిళ్ల ఇన్నాళ్లకి ఓ పనికొచ్చింది. అంత చదువూ చదివి నువ్వు సాధించిందేమన్నా ఉందంటే, ఆ చిల్లు మూసుకోవడమే."

అప్పట్నుంచి తండ్రీకొడుకుల మధ్య మాటలన్నీ పైపు ద్వారానే నడుస్తున్నాయి. సెప్టెంబరులో కొడుకు వచ్చి నట్లు విప్పుతాడు. పిల్లలు వెళ్లిపోయాక తండ్రి మళ్లీ బిగిస్తాడు. ముసలాడికి ఇప్పుడు నడుము వంగదు. అయినా ఆ ఒక్క పనికి మాత్రం బద్ధకించడు.

ఈ ఏడు కూడా మెర్విన్ ముందు రోజే వచ్చాడు. గాలి పడమటినుంచి బాగానే ఉంది. రెంచి తీసుకుని, ప్యాంటు మడిచి, పైపు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆవులు మేత ఆపి చుట్టూ గుండ్రంగా చేరాయి. పట్టీ ఊడదీసి పతకాన్ని చేతిలోకి తీసుకుని చూసుకున్నాడు. పట్టీ ఒరిపిడికి అక్షరాలు అరిగిపోయి పేరు సగమే మిగిలింది. నీళ్లు ముఖాన ఎగజిమ్మి చొక్కా తడిసింది.

"పారుతోందా?" అని కంచె మీంచి అరిచాడు ఎల్రాయ్.

"పారుతోంది," అన్నాడు మెర్విన్.

"బిళ్ల పారేసుకోకు. సోమవారం మళ్లీ కావాలి."

మెర్విన్ పతకాన్ని రెంచితో పాటు పనిముట్ల పెట్టెలో వేసి మూత వేశాడు. దిగువన కప్ప ఒకటి, రేపటి పాఠం తనే చెప్పబోతున్నట్టు గొంతు సవరించుకుంది.